గుడ్, బికాజ్ ఆఫ్ యూ

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
14 ఏప్రిల్ 1983

ఒరేయ్ దత్తూ,

ఇక్కడ నేనూ, అమ్మాయి నళినీ మీ దయవల్ల క్షేమం. అక్కడ నువ్వూ, అనంతలక్ష్మి చెల్లెమ్మా క్షేమమని తలుస్తాను.

ఈ ముక్క చదవగానే నువ్వేమంటావో నాకిక్కడికి వినబడుతూనే ఉంది. "నేను తెనాలిలో ఉంటే నా దయ అమెరికా దాకా ఎలా వస్తుందిరా, టికెట్ లేకుండా?" అంటావు. నువ్వు డ్రైవరుగా, నేను కండక్టరుగా ఒకే బస్సులో తెనాలి నుంచి రేపల్లెకి ఒక జీవితమంతా తిరిగాం. నీ వెటకారం నాకు కొత్తా? నువ్వు స్టీరింగు వదలవు, నేను మర్యాద వదలను. అంతే.

విమానం బాగుంది. కండక్టర్లందరూ ఆడపిల్లలే. ఒక్కరూ "ముందుకు జరగండి" అనలేదు. అయితే బయల్దేరేటప్పుడు "రైట్" అనేవాడు లేడురా. దానంతట అది కదిలిపోయింది. అది మాత్రం నాకు నచ్చలేదు.

అమ్మాయి కారు నడుపుతుంటే నోరు తెరుచుకుని చూశాను. రోడ్డుకి కుడిపక్కన నడుపుతుంది, హారన్ ముట్టుకోదు! నీలాంటివాడు ఇక్కడ హారన్ లేకుండా నడపాల్సొస్తే పొద్దున చేరి సాయంత్రానికి రాజీనామా ఇచ్చేస్తాడు. ఆ కార్లోనే నాకో షరతు పెట్టింది. "నాన్నా, నీకిష్టమైనన్నాళ్ళుండు. పెళ్ళి మాట మాత్రం ఎత్తకు. ఎత్తావా, మర్నాడే విమానం." ముప్ఫయ్యారేళ్ళ పిల్ల, మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆఫీసరు. సరే తల్లీ అన్నాను. వాళ్ళమ్మ సీతమ్మ పోయేముందు నన్నడిగింది ఒకే ఒక్కటి, పిల్ల ఒంటరిగా మిగిలిపోకుండా చూడమని. ఆ మాట ఒక జేబులో, ఈ షరతు ఇంకో జేబులో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను. నువ్వు నమ్మవు గానీ నోరు కట్టేసుకున్నాను.

ఇక అసలు సంగతి విను. ఈ దేశంలో ఎదురైన ప్రతివాడూ "హౌ ఆర్ యూ" అంటాడు. ముక్కూమొహం తెలియనివాడు కూడా! ఎంత మంచివాళ్ళురా అనుకుని, నిలబడి, నా మోకాలి సంగతి మొదలెడదామనుకునేలోపు వెళ్ళిపోతాడు. జవాబు కోసం ఆగడు. ఇదేం పద్ధతి? అడిగినవాడికి చెప్పకపోతే మనకి మర్యాద కాదు కదా. వాడు వెళ్ళిపోయేలోపు ఇచ్చెయ్యడానికి పొట్టి జవాబు ఒకటి కావాలనిపించింది. మనూళ్ళో ఎలా ఉన్నారంటే ఏమంటాం? మీ దయవల్ల బాగున్నామంటాం. అదే ఇంగ్లీషులో అంటే పోలా?

అమ్మాయి బెండకాయలు వేయిస్తుంటే అడిగాను. "అమ్మా, వల్ల అనేదానికి ఇంగ్లీషులో ఏమంటారు?"

"బికాజ్ ఆఫ్" అంది, వెనక్కి తిరక్కుండానే.

"మరి, మీ వల్ల అంటే?"

"బికాజ్ ఆఫ్ యూ. ఆ ఉప్పందుకో నాన్నా."

దయకి కూడా అడుగుదామనుకున్నాను గానీ ఈలోపు బెండకాయలు మాడాయి. దయ మొహంలో చూపించుకుందాంలే అనుకుని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. ఇక్కడ ఖాకీ కాదు, నీలం చొక్కా. "హౌ ఆర్ యూ సర్" అంటూ మామూలుగానే వెళ్ళిపోతున్నాడు. "గుడ్! బికాజ్ ఆఫ్ యూ!" అన్నాను, బస్సు వెనక సీటుదాకా వినబడే గొంతుతో. ఆగిపోయాడు! వెనక్కి వచ్చాడు. నేనా అన్నట్టు గుండె మీద వేలు పెట్టుకున్నాడు. "ఎస్, యూ!" అన్నాను. అబద్ధమా? ఆయన లేకపోతే నీ ఉత్తరం నాకెవడు తెచ్చిస్తాడు? నా చెయ్యి పట్టుకుని ఊపి ఊపి వదిలాడు.

కింద బట్టలుతికే మిషన్ల గదిలో మిసెస్ కొవాల్‌స్కీ అని ఒక ముసలావిడ కనబడుతుంది. ఎవరితోనూ మాట్లాడదని అమ్మాయి ముందే హెచ్చరించింది. ఆవిడతోనూ అన్నాను. సాయంత్రానికి పళ్ళెం నిండా బిస్కెట్లు పట్టుకుని మా తలుపు కొట్టింది!

ఒరేయ్, నాకు ఇంగ్లీషు వచ్చేసిందిరా!

నీ
కోటిలింగం


తెనాలి
3 మే 1983

కోటిలింగం,

ఉత్తరం అందింది. నా దయ సంగతి ఎత్తకు. నాకు ఇంట్లోనే చాలడం లేదు.

నీ ఉత్తరం డిపో క్యాంటీన్లో జగన్మోహన్ గట్టిగా చదివాడు. అదే, నీ తర్వాత మన బస్సుకి వచ్చిన కండక్టరు. అందరూ పడీపడీ నవ్వారు. ఇప్పుడు క్యాంటీన్లో టీ గ్లాసు అందించినవాడికల్లా "బికాజ్ ఆఫ్ యూ" అంటున్నారు. డిపో మేనేజరు నిన్న బస్సెందుకు ఆలస్యమైందని అడిగితే డ్రైవరు ఆ మాటే అన్నాడట. మెమో ఇచ్చారు.

అమ్మాయికి ఇచ్చిన మాట నిలబెట్టుకో. నీ నోటి సంగతి నాకు తెలుసు. రేపల్లె దాటేలోపు రెండు సంబంధాలు మాట్లాడేవాడివి, టికెట్లు కొడుతూనే.

ఎండలు ముదిరాయి.

దత్తాత్రేయులు


ప్లెయిన్స్‌బరో
19 మే 1983

ఒరేయ్ దత్తూ,

మేము మీ దయవల్ల క్షేమం. ఏడువు. నేను రాస్తూనే ఉంటాను.

నీకొక విశేషం చెప్పాలి. చెప్పకూడదేమో కూడా. చెప్పేస్తున్నాను. అమ్మాయీ, అదే ల్యాబ్‌లో పనిచేసే ఒకాయనా కలిసి ఆఫీసుకి ఒకే కార్లో వెళ్తారు. ఒక వారం ఈవిడ బండి, ఒక వారం ఆయన బండి. దీన్ని కార్‌పూల్ అంటారు. చాలా ఏళ్ళుగా ఒకే గదిలో ఎదురుబదురుగా పనిచేస్తున్నారట. ఆయన తన వారంలో పొద్దున్నే వచ్చి, కిందే కార్లో కూర్చునేవాడు. ఇదేం పద్ధతని నేను బాల్కనీలోంచి చప్పట్లు కొట్టి పైకి పిలిచాను.

వచ్చాడు. పొడుగు మనిషి. గుమ్మానికి తల కొట్టుకున్నాడు. "హౌ ఆర్ యూ సర్" అన్నాడు. నేను మామూలుగానే "గుడ్, బికాజ్ ఆఫ్ యూ" అన్నాను. దత్తూ! ఆయన చెవులు పండుమిరపకాయల్లా ఎర్రబడ్డాయిరా. వెళ్ళేటప్పుడు మళ్ళీ తల కొట్టుకున్నాడు.

మర్నాడు కాస్త ముందుగా వచ్చాడు. ఆ మర్నాడు ఇంకాస్త ముందుగా. ఇప్పుడు అమ్మాయి తల దువ్వుకోవడానికి ముందే వచ్చి నా ఎదురుగా కూర్చుంటాడు. మాటలు తక్కువ. ఒక మాట నోట్లోంచి బయటికి రావడానికి ఒక స్టేజీ దూరం పడుతుంది. ఇడ్లీ పెట్టాను, తిన్నాడు. నిమ్మకాయ పచ్చడి పెట్టాను. కళ్ళనీళ్ళు కారుతున్నా ఆపకుండా తిన్నాడు. మర్నాడు సంచీడు నిమ్మకాయలు తెచ్చి నా ముందు పెట్టి, "ఫర్ యూ సర్" అన్నాడు. భార్యా లేదు, పిల్లలూ లేరు. ఈ సంగతి నేను అడగలేదు సుమా. అమ్మాయే చెప్పింది, అదీ పచ్చడి జాడీ తుడుస్తూ, అటు తిరిగి.

నేను షరతు తప్పలేదు. నోరెత్తలేదు. ఇడ్లీలు మాత్రం కాస్త పెద్దవి వేస్తున్నాను.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? పోయిన ఉత్తరంలోనూ రాయలేదు.

నీ
కోటిలింగం


తెనాలి
5 జూన్ 1983

కోటిలింగం,

ఆయన ఇంటిపేరేమిటి? ఏ ఊరు? అన్నీ రాశావు, ఇడ్లీ సైజు దాకా రాశావు. ఇవి రాయలేదు. నువ్వు ఏదన్నా దాస్తే నాకు ఇట్టే తెలుస్తుంది. చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఎక్కినప్పుడు నీ మొహం ఎలా ఉండేదో నాకు అద్దంలో కనబడేది.

చెవులు పండుమిరపకాయల్లా ఎర్రబడ్డాయన్నావు. మన గుంటూరు జిల్లాలో అట్లా ఎర్రబడే చెవులు నేనెక్కడా చూడలేదు.

దొరా?

మన నళినికి దొరా? నేను ఎత్తుకు తిప్పిన పిల్ల. బానెట్ మీద కూర్చోబెట్టుకుని రేపల్లె తీసుకెళ్ళిన పిల్ల. సీతమ్మ ఉంటే ఏమనేది? నువ్వు పెద్ద ఇడ్లీలు వేస్తున్నావా?

దత్తాత్రేయులు

(అన్నయ్యగారూ, ఈ ఉత్తరం నేను రాస్తున్నాను. ఈయనకి చెయ్యి నొప్పిగా ఉంది. ఈయన చెప్పిందే రాశాను. ఇది నా అభిప్రాయం కాదు. ఇడ్లీలు ఆపకండి. — అనంతలక్ష్మి)


ప్లెయిన్స్‌బరో
21 జూన్ 1983

దత్తూ,

మీ దయవల్ల క్షేమం. అనంతలక్ష్మి చెల్లెమ్మ దయ ఎక్కువ, నీది తక్కువ.

అవును, దొరే. పేరు గ్లెన్. ఇంటిపేరు పలకడం నాకింకా రాలేదు, వచ్చాక రాస్తాను. దాచింది నిజమే. నువ్వు ఇలాగే గుర్రుమంటావని దాచాను.

సీతమ్మ ఉంటే ఏమనేదని అడిగావు. నేనూ అదే ఆలోచించాను. మొదట ఒక పూట మాట్లాడకుండా ముసుగుపెట్టి పడుకునేది. తర్వాత లేచి, "అన్నం తింటాడా?" అనేది. తింటాడురా! చేత్తో తింటాడు. పెరుగన్నం మోచేతిదాకా కారుతుంది. కానీ తింటాడు.

నీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ దత్తూ, ఇన్నేళ్ళూ సెలవులకి వచ్చినప్పుడల్లా అమ్మాయి మొహం ఎలా ఉండేదో నువ్వూ చూశావు. డ్యూటీ దిగినవాడి మొహంలా ఉండేది. ఇప్పుడు కూరగాయలు తరుగుతూ కూనిరాగం తీస్తోంది. ఇంతకన్నా నాకేం కావాలి?

ఇప్పుడు నా ఇబ్బంది విను. పోయిన వారం ఆయన ల్యాబ్‌లో అమ్మాయితో మాట్లాడాడట. "మీ నాన్నగారు నా వల్ల బాగున్నానని రోజూ చెబుతున్నారు. అందులో కొంచెమైనా నిజముంటే, ఆ ధైర్యంతో ఒకటి అడుగుతాను. మనం ఒకరికొకరం ఆఫీసు వరకేనా, ఇంకేమైనానా?" అన్నాడట. అమ్మాయి జవాబివ్వలేదు. ఇంటికొచ్చి నన్ను నిలదీసింది.

"నాన్నా, గ్లెన్‌తో నువ్వేమన్నావు?"

"నేనా? ఉన్నమాటే అన్నాను."

"ఆయన వల్ల నువ్వు బాగున్నానన్నావా?"

"అన్నాను. బాగానే ఉన్నాగా?"

ఒక్క నిమిషం నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదురా, సిగ్గు ఉంది. "నేనేమీ చెప్పకుండానే నీకు తెలిసిపోయిందా?" అని లోపలికి వెళ్ళిపోయింది. నా గుండె ఎగిరి గంతేసింది, ఆ వెంటనే గుభేలుమంది. ఎందుకంటే, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నేను అదే మాట పోస్ట్‌మ్యాన్‌కి అంటున్నాను, కొట్టువాడికి అంటున్నాను, మిసెస్ కొవాల్‌స్కీకి అంటున్నాను, ఆవిడ పిల్లికి కూడా ఒకసారి అన్నాను. అమ్మాయి పగలంతా ఆఫీసులో ఉంటుంది, దానికి తెలియదు. ఆయనకీ తెలియదు. అది నా మర్యాద. వాళ్ళు దాన్ని నా మనసులో మాట అనుకుంటున్నారు.

చెప్పెయ్యనా, ఊరుకోనా? చెబితే ఆయన ధైర్యం గాలి తీసిన టైరైపోతుంది. నువ్వు చెప్పు. చెయ్యి ఎలా ఉంది?

నీ
కోటిలింగం


తెనాలి
6 జూలై 1983

కోటిలింగం,

చెప్పెయ్. బ్రేకు సరిగా లేని బండిని ఘాట్ రోడ్డు ఎక్కించకూడదు. కిందే ఆపి చూసుకోవాలి. తర్వాత తెలిస్తే పిల్ల పరువు పోతుంది.

చెయ్యి అలాగే ఉంది.

పెరుగన్నం తింటాడన్నావు. ఆవకాయ తింటాడా?

దత్తాత్రేయులు

(తింటాడని రాయండి అన్నయ్యగారూ. ఈయన మెత్తబడ్డారు. పైకి అనరు. — అనంతలక్ష్మి)


ప్లెయిన్స్‌బరో
24 జూలై 1983, ఆదివారం

దత్తూ,

ఈ పూట మీ దయ కూడా నన్ను కాపాడలేదు.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. నిన్న గ్లెన్ మమ్మల్ని సముద్రం చూపిస్తానని తన కార్లో తీసుకెళ్ళాడు. ఇసకలో కూర్చున్నాక, పులిహోర పెట్టి, నిమ్మళంగా చెబుదామనుకున్నాను. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. అమ్మాయి వెనక సీట్లో, పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని. ఎంత కళగా ఉందనుకున్నావు!

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. బంకు కుర్రవాడు నా కిటికీలోంచి తొంగిచూసి, "హౌ యూ డూయింగ్?" అన్నాడు.

ఒరేయ్, జీవితమంతా "టికెట్, టికెట్" అన్నవాడికి నిద్రలో కూడా ఆ మాటే వస్తుంది చూడు. నోటికి బ్రేకు పడలేదు. "గుడ్! బికాజ్ ఆఫ్ యూ!" అన్నాను. ఆ గొంతుతోనే. ఆ నవ్వుతోనే. ఆ దయతోనే.

కుర్రవాడు సంతోషించి అద్దాలన్నీ తుడిచాడు. మళ్ళీ మళ్ళీ తుడిచాడు. ఆ తుడుస్తున్నంతసేపూ గ్లెన్ ముందుకే చూస్తున్నాడు. వెనక సీట్లో గిన్నె మూత టంగుమని పడింది.

సముద్రం చూశాం. బాగుంది. పెద్దగా ఉంది. పులిహోర తిన్నాం. నేను చెప్పాల్సింది బంకులో చెప్పేశాను కదా, ఇంక చెప్పడానికేముంది?

ఇంటికి రాగానే అమ్మాయి చెప్పులు కూడా విప్పలేదు.

"నాన్నా! ఎంతమందికి చెప్పావా మాట?"

"అడిగినవాళ్ళకల్లా. మర్యాద కదమ్మా. మనం మీ దయవల్ల అంటాం చూడు..."

"మీ దయవల్లా? దానికా నన్ను ఇంగ్లీషు అడిగింది?"

"నువ్వేగా చెప్పావు, బెండకాయలు వేయిస్తూ."

తల పట్టుకుని కూర్చుంది. "ఇన్నేళ్ళు నా ఎదురుగా కూర్చుని నోరు విప్పని మనిషి, నీ మాట పట్టుకుని వచ్చాడు నాన్నా. పాపం, ధైర్యం చేసి అడిగాడు. నేను సోమవారం చెబుదామని దాచుకున్నాను. ఇప్పుడు తనకి ధైర్యమిచ్చిన మాటే బంకు కుర్రాడికీ అన్నావని తెలిసిపోయింది. ఎల్లుండి ఏ మొహంతో వస్తాడు? ఏ మొహంతో నేను చెప్పను?"

"అంటే అమ్మా, చెబుదామనుకున్నది... ఔననేనా?"

"పెళ్ళి మాట ఎత్తనన్నావు!"

"నేనెత్తలేదు తల్లీ! నువ్వేగా..."

తలుపు ధడాలున వేసుకుంది. ఇవాళ పొద్దున బయటికి వచ్చి, "రేపు ఆయన వస్తే ఫైన్ అను. అంతే. ఇంకొక్క అక్షరం అనకు" అని ఆర్డరు వేసింది. వస్తే కదా. రేపటితో ఆయన వారం మొదలు. రాకపోతే అమ్మాయి ఒక్కతే తన కారు తీసుకుని వెళ్తుంది. ఆ కారు వెళ్ళడం నేను బాల్కనీలోంచి చూడాలి. సీతమ్మకి ఏం చెప్పనురా?

సోమవారం, పొద్దున తొమ్మిది

దత్తూ! దత్తూ! నిన్నటి కవరు అంటించలేదు, మంచిదైంది! కూర్చోలేక నిలబడి రాస్తున్నాను, అక్షరాలు గెంతుతుంటే క్షమించు!

వచ్చాడురా! రోజూకంటే ముందే వచ్చాడు. గుమ్మానికి తల కొట్టుకోలేదు, వంగి వచ్చాడు, అంటే ఆలోచించుకుని వచ్చాడన్నమాట. అమ్మాయి టిఫిన్ డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మంలో రాయిలా నిలబడింది.

"హౌ ఆర్ యూ సర్" అన్నాడు.

"ఫైన్" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మాటేనా అనిపించింది. ఉప్పులేని చారు.

ఆయన కదల్లేదు. మళ్ళీ అడిగాడు. "సర్, హౌ ఆర్ యూ?"

నేను అమ్మాయి వంక చూశాను. అమ్మాయి నేల వంక చూస్తోంది. పెదాలు బిగించుకున్నాను. అప్పుడు ఆయన మాట్లాడాడు. ఇన్నాళ్ళకి సరిపడా మాటలు ఒక్కసారే. నాకు సగమే అర్థమైంది, అర్థం కానిచోటల్లా అమ్మాయే తెలుగులో చెప్పింది.

"ఏప్రిల్ నుంచే నాకు తెలుసు సర్. మీరు నన్ను పైకి పిలిచిన రోజున, కారు ఆపుతుంటేనే మీరు పోస్ట్‌మ్యాన్‌తో ఆ మాట అనడం విన్నాను. తర్వాత నాతో అన్నారు. అందరితోనూ అంటారని తెలిసే రోజూ ముందుగా వచ్చాను. మా ఇంట్లో పొద్దున్నే నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే. ఒక మనిషి రోజూ నన్ను చూసి నీ వల్ల బాగున్నాను అంటుంటే, ఊరికే ఆ మాట పుచ్చుకుని వెళ్ళిపోవడం బాగుండదనిపించింది. దాన్ని నిజం చెయ్యాలనిపించింది. నిమ్మకాయలు తెచ్చింది అందుకే."

నిమ్మకాయలురా దత్తూ! నిమ్మకాయలు తెచ్చింది అందుకేనట!

ఆ తర్వాత అమ్మాయివైపు తిరిగాడు. "హౌ ఆర్ యూ, నళినీ?" అన్నాడు.

ఇక్కడివాళ్ళు ఆ ప్రశ్న అడిగి ఆగకుండా వెళ్ళిపోతారని నీకు రాశాను చూడు. ఈయన వెళ్ళలేదు. నిలబడ్డాడు. జవాబు వచ్చేదాకా, సాయంత్రమైనా సరే, అక్కడే నిలబడేట్టు నిలబడ్డాడు.

అమ్మాయి టిఫిన్ డబ్బా చేతులు మార్చుకుంది. ఇంత చదువుకున్న పిల్ల, ఇన్నేళ్ళు ఇంగ్లీషులోనే బతికిన పిల్ల, ఏమందో తెలుసా? తెలుగులో అంది. వాళ్ళమ్మ గొంతుతో అంది.

"మీ దయవల్ల బాగున్నాను."

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు పాపం. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నావైపు చూశాడు. షరతు లేదు, ఆర్డరు లేదు, ఎవరేమనుకుంటే నాకేం? నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

"బికాజ్ ఆఫ్ యూ! షీ, గుడ్! బికాజ్ ఆఫ్ యూ!"

ఇంకేముంది! ఆయన నవ్వాడు, ఆమె నవ్వింది, ఆమె ఏడ్చింది, ఆయన డబ్బా అందుకున్నాడు, ఇద్దరూ కలిసి మెట్లు దిగారు, దిగుతూ ఆయన ఎక్కడో తల కొట్టుకున్నాడు, వినబడింది. నేను బాల్కనీలోకి పరుగెత్తాను. కార్లో కూర్చున్నారు గానీ బండి కదలదే! ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. ఎంతసేపని చూస్తాను? ఆఫీసు టైమైపోతోంది. రెయిలింగు మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్! రైట్!" అని కేకేశాను.

కదిలిందిరా! ఈ దేశంలో మొదటిసారి, నేను రైట్ అంటే బండి కదిలింది!

కింద మిసెస్ కొవాల్‌స్కీ కిటికీ తెరిచి చూసింది. "హౌ ఆర్ యూ?" అంది. ఏమన్నానో నీకు వేరే రాయాలా?

కోటిలింగం


తెనాలి
10 ఆగస్టు 1983

ఒరేయ్ కోటిగా,

ఇక్కడ నేనూ, అనంతలక్ష్మీ మీ దయవల్ల క్షేమం. అక్కడ నువ్వూ, నళినీ, అల్లుడూ క్షేమమని తలుస్తాను.

నవ్వకు. కారణం ఉంది.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, చూశావుగా, కోడి కెలికినట్టు. చేతికి నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. కళ్ళు. నువ్వు విమానం ఎక్కిన నెలకే రెండు కళ్ళకీ పొర కమ్మింది. అందుకే నీ మొదటి ఉత్తరం జగన్మోహన్ చదివాడు, తర్వాతివన్నీ అనంతలక్ష్మి చదివింది. బస్సు నడిపినవాడిని, వీధి మలుపు కనబడక గోడ పట్టుకుని నడుస్తున్నానని నీకెలా రాయను? నువ్వు వెంటనే తిరిగొచ్చేసేవాడివి. నువ్వొచ్చేస్తే ఆ బాల్కనీలోంచి గ్లెన్‌ని పైకి పిలిచేదెవరు? అందుకే చెప్పొద్దన్నాను. అనంతలక్ష్మికి కోపమొచ్చినా రాయలేదు.

దొరా అని నేను గుర్రుమన్న రోజున చీకట్లో కూర్చుని ఉన్నానురా. అప్పుడు నాకు అందరిమీదా కోపమే. మనసులో పెట్టుకోకు. నళినికి చెప్పు.

గుంటూరులో ఆపరేషన్ చేశారు. నిన్న రెండో కట్టు విప్పారు. మసకగా ఏదో నీలంగా కనబడింది. చూస్తే నీ కవరు. అనంతలక్ష్మి కావాలనే నా ఎదురుగా పట్టుకుంది. ఈ ఉత్తరం నేను చదవను, మీరే చదువుకోండి అంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. బంకు దగ్గర నవ్వాను. నిమ్మకాయల దగ్గర కళ్ళు తుడుచుకోకూడదని నర్సు కేకలేసింది.

అప్పుడే డాక్టరుగారు వచ్చి, "ఎలా ఉందండీ?" అన్నారు. నా నోట్లోంచి ఏమొచ్చిందో నాకే తెలియలేదు. "మీ దయవల్ల బాగుందండీ" అన్నాను. అనంతలక్ష్మి ఇటు తిరిగి చూసింది. పెళ్ళైన దగ్గర్నుంచీ నా నోట ఆ మాట వినలేదట.

పెళ్ళి ఎక్కడ, ఎప్పుడు, రాయి. అక్కడ మేళం దొరక్కపోతే నువ్వే ఈల వెయ్యి. నీ పాత కండక్టరు ఈల నా దగ్గరే ఉంది, ఆవకాయ డబ్బాలో పెట్టి పంపుతున్నాను. కడిగి వాడుకో. అల్లుడి ఇంటిపేరు పలకడం వచ్చిందా? రాకపోతే ఫరవాలేదు, నేను నేర్చుకుంటాను. ఇప్పుడు చదవగలను.

నా దయ అంత దూరం ఎలా వస్తుందని నేనంటానని రాశావు కదూ. నాకు తెలియదురా. నీది మాత్రం తెనాలి దాకా వచ్చింది, టికెట్ లేకుండానే.

రైట్ రైట్.

నీ
దత్తు